అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121: పాత సంచికకి సమీక్ష రాసిన నా అనుభవం

జులై 19న మా లైబ్రరీ కామిక్స్ బృందంలో చీటీలు తీస్తే నాకు "అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121" వచ్చింది. పక్కనున్నవాళ్లు అభినందిస్తున్నారో జాలిపడుతున్నారో తెలియకుండా "అబ్బో" అన్నారు. సెప్టెంబర్ 20కల్లా సమీక్ష రాసి అందరి ముందూ చదవాలి.

మేం ఉండేది న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో. బృందంలో అన్ని వయసులవాళ్లూ ఉంటారు, తెలుగువాళ్లం ఇద్దరమే. నియమాలు కూడా రెండే. మొదటిది, ఆ కాలంలో అచ్చయిన కాపీనే చేతిలో పట్టుకుని చదవాలి. ఫోన్‌లోనో, తర్వాత వేసిన పునర్ముద్రణలోనో చదివి రాస్తే ఒప్పుకోరు. కాపీ చిరిగినా నలిగినా ఫరవాలేదు. రెండోది, సమీక్ష రెండు పేజీలు దాటకూడదు. వినడానికి చిన్న పనిలాగే ఉంది కానీ ఆ రెండు నెలల్లో నా శనివారాలు చాలావరకు దీనికే పోయాయి. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు స్పైడర్‌మ్యాన్ పరిచయం తెనాలిలో, దూరదర్శన్ కార్టూన్‌తో. కామిక్ పుస్తకంగా చదవడం అమెరికా వచ్చాకే మొదలుపెట్టాను. 121లో ఏం జరుగుతుందో మాత్రం ఎప్పటినుంచో తెలుసు. కామిక్స్ గాలి సోకినవాళ్లెవరికైనా తెలుస్తుంది: స్పైడర్‌మ్యాన్ అసలు మనిషి పీటర్ పార్కర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ ఈ సంచికలో చనిపోతుంది. ముగింపు ఊరందరికీ తెలిసిపోయిన కథ మీద కొత్తగా ఏం రాయాలన్నది మొదటి టెన్షన్. డబ్బు టెన్షన్ ఆ మర్నాడు మొదలైంది.

1973లో దీని వెల 20 సెంట్లు, అట్ట మీదే ఉంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే కొత్తదానిలా మెరిసే కాపీలు వేల డాలర్లలో ఉన్నాయి. చాలావాటిని సీజీసీ అనే సంస్థ పరీక్షించి, 10కి ఇంత అని అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించేసింది. 2000 సంవత్సరం నుంచి వాళ్లు ఈ పని చేస్తున్నారు. పెట్టె పగలగొడితే ఆ అంకె చెల్లదు, పగలగొట్టకపోతే చదవడం కుదరదు. కాబట్టి నాలాంటివాళ్లకి కావాల్సింది పెట్టెలో పెట్టని, బాగా నలిగిన, పేజీలన్నీ ఉన్న కాపీ. పేజీలన్నీ ఉన్నాయా లేవా అన్నదగ్గరే అసలు తలనొప్పి.

ప్రకటనలు చదువుతుంటే కొన్ని తమాషాలు కనిపించాయి. ఒకరు "మార్వెల్ వేల్యూ స్టాంప్ కత్తిరించలేదు" అని గొప్పగా రాసుకున్నారు. పాఠకులు కత్తిరించి దాచుకోవడానికి మార్వెల్ కంపెనీ తన కామిక్స్ లోపల అచ్చువేసిన ఆ స్టాంపులు మొదలైందే 1974 మార్చి తేదీ వేసిన సంచికలతో. 1973 జూన్ సంచికలో స్టాంప్ ఉండే వీలే లేదు. అలా రాసినవాళ్లు పుస్తకం తెరిచి చూడలేదని అర్థం. అలాంటివన్నీ పక్కన పెట్టాను.

జులై 24న ఒక అమ్మకందారు దగ్గర 95 డాలర్లకి ఆర్డర్ పెట్టాను. "పేజీలన్నీ ఉన్నాయి, ఎక్కడా రిపేరు చేయలేదు" అని రాశారు, ఫోటోలు కూడా బాగున్నాయి. 31న వచ్చింది. ప్యాకింగ్ బ్రహ్మాండం. లోపల ఒక ప్రకటన పేజీలో కూపన్ కత్తిరించి ఉంది. యాభై ఏళ్ల కిందట ఏ పిల్లాడో ఏదో తెప్పించుకోవడానికి పోస్టులో పంపి ఉంటాడు. ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు. అట్ట వెన్ను మీద రంగు ఊడిన చోటల్లా మార్కర్‌తో దిద్దారు, నాకు కోపం తెప్పించింది అదే. మామూలు వెలుగులో కనిపించదు. ఫోన్ టార్చిని పక్క నుంచి, పేజీకి దాదాపు సమాంతరంగా వేస్తే పాత ఇంకు ఒకలా, కొత్త ఇంకు ఇంకోలా మెరిసి బయటపడింది. కలెక్షన్ చేసేవాళ్ల దృష్టిలో చెప్పకుండా రంగు దిద్దడం పెద్ద నేరం, ధర బాగా పడిపోతుంది.

ఆగస్టు 1న వెనక్కి పంపాను. పోస్టు ఖర్చు 8 డాలర్లు నాదే. డబ్బు తిరిగొచ్చేసరికి 14వ తేదీ అయింది. అన్నాళ్లూ రోజుకి రెండుసార్లు బ్యాంకు యాప్ తెరిచి చూసుకోవడం, ఇంట్లోవాళ్లు నవ్వడం. డబ్బు కంటే తేదీ గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉండేది.

ఈలోగా 9వ తేదీన, శనివారం, ఒక కామిక్స్ షాపుకి నేరుగా వెళ్లాను. ముందే వెళ్లాల్సిందేమో అనిపించేంత సుఖంగా అయింది ఆ బేరం. షాపాయన కౌంటర్ మీద తెల్లకాగితం పరిచి, సంచిలోంచి పుస్తకం తనే తీసి, ఒక్కో పేజీ తిప్పి చూపించాడు. చూడాల్సినవి ఆయనే చెప్పాడు: స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టాయా, అట్ట పిన్నుల దగ్గర ఊడిందా, నడిమి కాగితం అసలు ఉందా, అంచులు పెళుసెక్కాయా. నడిమి కాగితం పిన్నుల నుంచి జారిపోయిన కాపీలు చాలా ఉంటాయట. అది లేకపోతే నాలుగు పేజీలు గల్లంతే.

ఆయన దగ్గరున్న కాపీ 10కి 4 స్థాయిది. కింది మూల మడత, వెన్ను పొడుగునా సన్నటి గీతలు, వెనక అట్ట మీద ఎవరో పెన్నుతో రాసిన అంకె. లోపల మాత్రం చెక్కుచెదరలేదు. స్టిక్కర్ మీద 160 ఉంది. "చదవడానికే తీసుకుంటున్నాను, మళ్లీ అమ్మను" అన్నాను. అమ్మనన్నందుకో, నా మొహం చూసో, 140కి ఇచ్చాడు. న్యూజెర్సీ సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం కలిపి 149 డాలర్ల 28 సెంట్లు. పాత పుస్తకాల దగ్గర ఇక్కడ కూడా బేరమాడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రాత్రి విజయవాడ నుంచి అన్నయ్య వీడియో కాల్ చేస్తే చూపించాను. రూపాయల్లో ఎంతన్నాడు. పదమూడు వేల చిల్లర అని చెప్పాను. "పదమూడు వేలు పెట్టి చిరుగుల పుస్తకం కొన్నావా అమ్మా! లోపల ఏమైనా బంగారం పెట్టి కుట్టారా?" అని, వదినని కూడా పిలిచి చూపించాడు. తర్వాత మెల్లగా "మన కార్టూన్‌లోవాడేగా, ఏదీ, కొంచెం దగ్గరగా పెట్టు" అన్నాడు.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. దాచుకోవడానికి ప్లాస్టిక్ సంచులు, వెనక పెట్టే ఆమ్లం లేని అట్టముక్కలు అమ్ముతారు. వాటిలో సైజులుంటాయి. ఇప్పటి కామిక్స్ కంటే అప్పటివి కాస్త వెడల్పు. "కరెంట్" సైజు సంచిలో తోస్తే అంచులు నలుగుతాయి. 1970ల పుస్తకాలకి "సిల్వర్" సైజు కావాలి. చిన్న ప్యాకెట్టు 11 డాలర్లు. తెల్ల గ్లవుజులు కూడా కావాలేమో అని అడిగితే షాపాయన వద్దన్నాడు. గుడ్డ గ్లవుజు వేళ్లకి కాగితం స్పర్శ తెలియదు, అంచు ఇట్టే చిరుగుతుంది. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరనిచ్చి పట్టుకోవడమే మేలట. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరిచేయకూడదు, సగం తెరిచి చదవాలి.

ఆగస్టు 10 ఆదివారం ఉదయం, కాఫీ కప్పులన్నీ వంటింట్లోనే వదిలేసి, చదవడానికి కూర్చున్నాను.

ముందు అట్ట. గీసింది జాన్ రొమీటా. చుట్టూ తన మనుషుల మొహాలు, మధ్యలో స్పైడర్‌మ్యాన్. తనవాళ్లలో ఒకరు చనిపోబోతున్నారని, ఎవరో తెలియడం లేదని అతనే చెబుతుంటాడు. అంటే చావు ఉందని దాచలేదు, ఎవరిదన్నదే దాచారు. అట్ట మీద జూన్ అని ఉన్నా పుస్తకం దుకాణాల్లోకి వచ్చింది మార్చిలోనే. అప్పట్లో తేదీ ముందుకేసి అచ్చువేసేవాళ్లు. మార్చి 1973లో దీన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు ఆ మొహాల వరస చూసి పీటర్‌ని పెంచిన ముసలి మే పిన్ని అనే అనుకుని ఉంటారు. నిజానికి మొదట అనుకున్నది ఆవిడనే. గ్వెన్ అయితే దెబ్బ గట్టిగా తగులుతుందన్న ఆలోచన రొమీటాది. ఎవరు ఒప్పుకున్నారు, స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీకి ముందే తెలుసా అన్న దగ్గర వాళ్లందరూ తర్వాత చెప్పిన మాటలు ఒకదానికొకటి పొసగవు. రెండు పేజీల సమీక్షలో ఆ పంచాయితీ పెట్టదలుచుకోలేదు.

కథ రాసింది జెర్రీ కాన్వే. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. బొమ్మలు గిల్ కేన్, ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద సిరా దిద్దడం) రొమీటా, టోనీ మోర్టెల్లారో. ఎడిటర్ రాయ్ థామస్.

నిజం చెప్పాలంటే సగం దాకా నాకు నీరసం వచ్చింది. ఇంత పేరున్న సంచిక ఇదేనా అనిపించింది. పీటర్ కెనడాలో హల్క్‌తో తలపడి జలుబుతో వచ్చాడు. స్నేహితుడు హ్యారీ మత్తుమందు వల్ల మంచం పట్టాడు. హ్యారీ తండ్రి నార్మన్ ఆజ్‌బార్న్ బాధలో, కోపంలో మెల్లగా మతి తప్పుతున్నాడు. అతనికి తను స్పైడర్‌మ్యాన్ శత్రువు గ్రీన్ గోబ్లిన్ అన్న పాత జ్ఞాపకం తిరిగొచ్చేస్తుంది. ఆ జ్ఞాపకం వచ్చే తీరు నన్ను ఒప్పించలేదు. గోబ్లిన్ మాటలు మరీ నాటకంలా ఉన్నాయి, ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకమే. గిల్ కేన్‌కి మనుషుల్ని కింద నుంచి, ముక్కుపుటాలు కనిపించేలా గీయడం ఇష్టమని అంటారు. ఒకసారి ఆ మాట విన్నాక ప్రతి పేజీలో ముక్కులే కనిపిస్తాయి, మీకు ముందే చెప్పి పాపం కట్టుకుంటున్నాను.

జలుబు సంగతి మాత్రం మెచ్చుకోవాలి. ఒంట్లో బాగాలేని హీరో. తల తిరుగుతూ ఉంటుంది, ఆలోచన ఒక్క క్షణం వెనకబడుతుంది. కథలో ఆ సంగతి ఊరికే పెట్టలేదని చివరికి తెలుస్తుంది.

పీటర్ ఇంటికి వచ్చేసరికి గ్వెన్ ఉండదు. ఆమె చేతిసంచి, దాని పక్కన గోబ్లిన్ వదిలిన గుమ్మడికాయ గుర్తు ఉంటాయి. అక్కడి నుంచి పేజీలు తిప్పుతున్నానన్న ధ్యాసే పోయింది. వంతెన టవర్ మీద గ్వెన్ స్పృహ లేకుండా పడి ఉంటుంది. గోబ్లిన్ ఆమెని కిందికి తోసేస్తాడు. స్పైడర్‌మ్యాన్ వల విసురుతాడు, అది కాళ్లకి చుట్టుకుంటుంది. ఆ ప్యానెల్‌లో, అంటే ఆ బొమ్మ గడిలో, ఆమె మెడ పక్కన చిన్న అక్షరాలతో "స్నాప్" అని, పుటుక్కున విరిగిన చప్పుడు ఉంది. ఎంత చిన్నవంటే, వల శబ్దం చదువుతూ దాన్ని దాటి పోవచ్చు. ఫోన్ తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూసినప్పుడు ఇది తెలియలేదు. అసలు సైజులో, మసకబారిన న్యూస్‌ప్రింట్ మీద, రంగు చుక్కల మధ్య ఆ మాట దాక్కున్నట్టు ఉంటుంది.

స్పైడర్‌మ్యాన్‌కీ అది వినపడలేదు. ఆమెని పైకి లాగుతూ తన గొప్ప తనే చెప్పుకుంటాడు, పట్టేశాను చూశావా అన్నట్టు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన ప్యానెల్స్ అవే. మనకి తెలిసి, అతనికి తెలియని ఆ కొద్దిసేపు. తర్వాత గోబ్లిన్ వచ్చి, వల తగలకముందే చనిపోయింది, అంత ఎత్తు నుంచి పడితే ఎవరైనా నేలకి తగలకముందే పోతారు అంటాడు. చివరి పేజీలో, అంతా అయిపోయాక, కథ పేరు వస్తుంది: గ్వెన్ స్టేసీ చనిపోయిన రాత్రి అని. మొదటి పేజీలో పెట్టాల్సిన పేరుని చివరిదాకా దాచారు. ఈ ఆలోచన ఎవరిదైనా వాళ్లకి దండం.

మూసేసి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మధ్యాహ్నం మొదలుపెట్టిన చిత్తుప్రతిలో ఉన్నవన్నీ అందరూ ఎప్పుడో రాసేసిన మాటలే: కామిక్స్ అమాయకత్వం ఇక్కడితో ముగిసింది వగైరా. అది పక్కన పడేసి, నాకు తెగని ప్రశ్నలు రెండు కాగితం మీద రాసుకున్నాను. ఆ వంతెన ఏది? గ్వెన్ చావుకి కారణం ఏది?

వంతెన సంగతి నాకు దగ్గరిది. కథలో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ అని రాసి ఉంది. న్యూజెర్సీలో ఉండేవాళ్లకి అది రోజువారీ ట్రాఫిక్ బాధ. ఫోర్ట్ లీ నుంచి హడ్సన్ నది దాటి మన్‌హటన్ వెళ్తుంది. 1931లో తెరిచారు. టవర్లు 604 అడుగుల ఎత్తు, మొత్తం ఉక్కు అల్లిక. కేన్ గీసిన టవర్ మాత్రం రాతి కట్టడం. ఆగస్టు 23 శనివారం న్యూజెర్సీ నుంచి మన్‌హటన్ వెళ్లే పాత్ రైలెక్కి (అప్పుడు ఒక్కో వైపుకి 3 డాలర్లు) వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి, బ్రూక్లిన్ బ్రిడ్జ్ దాకా నడిచాను. అట్టేమీ వెతకక్కర్లేదు. 1883లో తెరిచిన ఆ రాతి టవర్లూ, వాటి కోసుగా ఉండే ఆర్చీలూ చూస్తే కేన్ బొమ్మ ఇక్కడిదేనని తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ ప్యానెల్ ఫోటో పెట్టుకుని నడిదారి మీద నిలబడితే సైకిళ్లవాళ్లు కాదు గానీ, సెల్ఫీలవాళ్లు తిట్టారు.

ఇంకా తవ్వితే ఒక ముచ్చట దొరికింది. జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ టవర్లకి కూడా చుట్టూ రాతి తొడుగు వేయాలనే మొదటి ప్రణాళిక. ఆర్కిటెక్టు కాస్ గిల్బర్ట్. ఆర్థికమాంద్యం వచ్చి ఖర్చు తగ్గించుకోవడానికి ఉక్కుని అలాగే వదిలేశారు. డబ్బులుంటే ఆ వంతెన కూడా రాతితో ఉండేది, కేన్‌ని ఇంతమంది ఇన్నేళ్లు ఆడిపోసుకునేవాళ్లు కాదు. దీన్ని సమీక్షలో ఒక్క వాక్యంలో పెట్టాను. నాకు మాత్రం ఆ శనివారం మొత్తం దాని కోసం గడిచింది.

రెండో ప్రశ్నకి మొదట లెక్క వేశాను. ఎత్తు మూడు వందల అడుగులనుకుంటే దాదాపు 90 మీటర్లు. పదో తరగతి సూత్రమే: కిందికి చేరేసరికి వేగం సెకనుకి 42 మీటర్లు, అంటే గంటకి 150 కిలోమీటర్ల పైమాట. వల ఆమెని అర సెకనులో ఆపిందనుకుంటే శరీరం మీద పడేది గురుత్వాకర్షణకి ఎనిమిదిన్నర రెట్లు. అదీ కాళ్లకి పట్టి, తల వేలాడుతుండగా. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కకాలియోస్ కూడా ఇదే సన్నివేశాన్ని పాఠంగా తీసుకుని, ఆపిన తీరే మెడ విరిచిందని తేల్చారు. మా అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. వాడికి లెక్క చూపిస్తే, "అమ్మా, వల సాగుతుంది కదా, సాగితే టైమ్ పెరుగుతుంది" అన్నాడు. నిజమే. అయినా ప్యానెల్‌లో వల బిగుసుకున్నట్టే గీశారు.

కథలో దీనికి జవాబు లేదు. జవాబు వచ్చింది 125వ సంచికలో, అదీ పాఠకుల ఉత్తరాల పేజీలో. గ్వెన్ ఎలా చనిపోయిందని ఉత్తరాలు వెల్లువెత్తితే, వల ఒక్కసారిగా ఆపడంతో వచ్చిన కుదుపే ఆమె ప్రాణం తీసిందని, ఆ మాట చెప్పాల్సి రావడం తమకీ బాధగా ఉందని సంపాదకులు రాశారు. నేను వాడే డిజిటల్ చందాలో కథలున్నాయి, ఉత్తరాల పేజీలు లేవు. లైబ్రరీలోని సంకలనంలోనూ లేవు. ఎవరో ఎత్తి రాసిన వాక్యాన్ని నేను మళ్లీ ఎత్తి రాయడం ఇష్టం లేదు. అదే షాపుకి మళ్లీ వెళ్లి అట్ట సగం ఊడిన 125 కాపీ 22 డాలర్లకి తెచ్చుకున్నాను. పాత సంచికకి సమీక్ష రాసేవాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే: కథ పేజీలతో ఆపకండి, ఆ తర్వాతి సంచికల్లోని ఉత్తరాల పేజీలు ఎలాగైనా సంపాదించండి. చదివినవాళ్లు అప్పట్లో ఏమనుకున్నారో అక్కడే ఉంటుంది.

ఆ పేజీ చదివాక నాకు చెప్పాల్సింది దొరికింది. 121 గొప్పదనం చావులో లేదు, హీరో చెయ్యే కారణం కావడంలో ఉంది. ఆ సంగతిని అతనికి గానీ, మొదటిసారి చదివే పాఠకుడికి గానీ గట్టిగా చెప్పకుండా, చిన్న అక్షరాల్లో వదిలేసి పోవడంలో ఉంది. అదే చేత్తో రెండో మాట కూడా రాశాను: తన పేరుతో ప్రసిద్ధికెక్కిన సంచికలో గ్వెన్‌కి మాటలు దాదాపు లేవు. మొదట్లో హ్యారీ ఇంట్లో నాలుగు మాటలు, తర్వాత పీటర్ ఇంట్లో ఒంటరిగా కాసేపు. అంతే, ఆపైన ఆమె గోబ్లిన్ మోసుకుపోయే ఒక వస్తువు. పేజీలు తిప్పుతున్నప్పుడు ఉద్వేగంలో ఇది తెలియదు. రెండోసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ రెండూ, మెప్పూ కోపమూ, ఒకే సమీక్షలో ఉండనివ్వడానికి నాకు చాలా చిత్తుప్రతులు పట్టాయి. ఒకదాన్ని తీసేస్తే రాయడం తేలికయ్యేది.

సెప్టెంబర్ 14కి రెండు పేజీలకి కుదించాను. ఇంగ్లిష్‌లో చదవాలి కాబట్టి ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీస్. పదికి ఎన్ని మార్కులని బృందం అడుగుతుంది, అది ఆనవాయితీ. మొదటి సగానికి 5, చివరి పేజీలకి 9 అని రాసుకున్నాను. సగటు అడిగితే చెప్పనని ముందే అనుకున్నాను.

20వ తేదీన చదివాను. రెండు సంగతులు నేను ఊహించనివి. కాలేజీ పిల్లలు ముగ్గురికి గ్వెన్ చనిపోతుందనే తెలియదు. వాళ్లకి తెలిసిన గ్వెన్ 2014లో వచ్చిన గ్వెన్, తనే ముసుగు వేసుకుని భవనాల మీద ఎగిరే అమ్మాయి. ఊరందరికీ తెలిసిన ముగింపు అనుకుని నేను రెండు నెలలు దిగులుపడితే, ఆ పిల్లలు "స్నాప్" దగ్గర నిజంగా ఊపిరి బిగబట్టారు. ఒకమ్మాయి ప్యానెల్ చూపించమని లేచి వచ్చింది. సంచిలోంచి తీసి, షాపాయన చేసినట్టే తెల్లకాగితం మీద పెట్టి చూపించాను.

రెండోది, బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు, మితభాషి. ఆయన ఈ సంచికని 1973లో తన పదకొండో ఏట కొన్నారట, 20 సెంట్లకే. వచ్చే నెల గ్వెన్ లేచి కూర్చుంటుందని నమ్మి 122 కూడా కొన్నారట. అందులో ఆమె లేవకపోగా గోబ్లిన్ కూడా చస్తాడు. దాంతో ఆ సిరీస్ కొనడమే మానేశారు. కాబట్టి 125లోని ఉత్తరాల పేజీని ఆయన ఎప్పుడూ చూడలేదు. నా కాపీ ఇస్తే కళ్లద్దాలు మార్చుకుని చదివి, ఒప్పుకోనన్నారు. "తోసింది గోబ్లిన్. వల కాదు. సంపాదకులు ఏం రాసుకుంటే నాకేం?" అన్నారు. నా లెక్క చూపించాను. లెక్క తప్పని ఆయన అనలేదు, అయినా మాట మార్చుకోలేదు. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు బృందం రెండు జట్లయి వాదించుకుంది. నా మార్కుల సంగతి ఎవరూ అడగనే లేదు.

ఖర్చు మొత్తం కూడితే రెండు వందల డాలర్లకి కొంచెం తక్కువ తేలింది, రైలు టికెట్లతో కలిపి. గ్రేడింగ్‌కి పంపించమని ఇద్దరు చెప్పారు కానీ పంపను. పెట్టెలో బిగిస్తే ఆ అమ్మాయికి చూపించినట్టు ఇంకెవరికీ చూపించలేను. నవంబర్‌కి 122 మీద సమీక్ష తనే రాస్తానని ఆ పెద్దాయన చెయ్యెత్తారు. ఆయన దగ్గర అప్పటి కాపీనే ఉంది కాబట్టి చీటీ తీయకుండానే అందరం సరేనన్నాం. వల కారణమా కాదా అన్న వాదన ఆయన అందులోనూ తెస్తారు, నేనూ లెక్క కాగితం దాచే ఉంచాను.